బాక్సులోంచి ఇంటికొచ్చిన బిడ్డ

(చీరాలలో కూలి మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్ళూ, మీరు ముందుకొచ్చి కూచోండి. ఇదేదో ఆడవాళ్ళ ముచ్చట, మనకెందుకులే అనుకుంటున్నారు. మీ పని కూడా ఇందులో ఉంది, చెబుతాం.

నెలలు నిండకుండా పుట్టో, బరువు తక్కువై ఊపిరాడకో, ఒంగోలుకో గుంటూరుకో పోయి, పది ఇరవై రోజులు బాక్సులో ఉండి బతికొచ్చిన బిడ్డల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. అక్కడ వేడికి మిషనుంది. ఊపిరికి ఆక్సిజనుంది. రాత్రింబగళ్ళు నర్సమ్మ ఉంది. డిశ్చార్జి చీటీ చేతిలో పెట్టేటప్పుడు ఏమంటారు? ఇంటి దగ్గర జాగ్రత్తగా చూసుకోండి అంటారు. ఆ ఇల్లు అనే మాట దగ్గరే మన తగాదా. ఇల్లంటే వాళ్ళ లెక్కలో వేరే గది, ఇంట్లోనే కుళాయి, పనికి పోనక్కరలేని తల్లి. మన పల్లెలో ఉన్నది ఒకటే గది, పొయ్యి కూడా అందులోనే. కల్లాల్లో మిరపకాయలు ఎండబోసే రోజుల్లో ఆ ఘాటుకు పెద్దవాళ్ళమే ఉక్కిరిబిక్కిరి అవుతాం, రెండు కిలోలు లేని బిడ్డ ఊపిరితిత్తులు ఏం తట్టుకుంటాయి? బిడ్డను ముట్టుకునే ముందు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగమంటారు. మంచి మాటే. నీళ్ళేవి? నీళ్ళ సంగతి చీరాలలో కూచుని కొత్తగా చెప్పక్కర్లేదు. 1985 జులైలో కారంచేడు మాదిగపల్లె వాళ్ళు తాగే చెరువు నీళ్ళ దగ్గర మొదలైన గొడవకు ఆరుగురిని చంపారు. పల్లెకు పల్లె పరుగెత్తుకొచ్చి ఈ చీరాలలోనే తలదాచుకుంది.

ఇంకో సంగతి. బాబాసాహెబ్‌కు, రమాబాయమ్మకు ఐదుగురు పిల్లలు పుడితే యశ్వంత్ ఒక్కడే దక్కాడు. ఆఖరి బిడ్డ రాజరత్న 1926లో పోయాడు. రెండేళ్ళకు, 1928లో, ఆయన బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును బలపరుస్తూ మాట్లాడాడు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దొరికితే అది దేశానికే మేలన్నాడు. ఆ బిల్లు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళ కోసం వచ్చింది. 2017లో కేంద్రం చట్టాన్ని సవరించి జీతంతో సెలవు 26 వారాలు చేసింది. మాతో బడిలో పాఠం చెప్పే టీచరమ్మకు జీతంతో సెలవుంది. అదే బడికి పిల్లల్ని పంపి మిరపకోతకు పోయే తల్లికి ఏముంది? మాతృవందన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు. అది ఎన్నాళ్ళ కూలో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు బిడ్డ సంగతి. బరువు తక్కువ బిడ్డకు మొదటి శత్రువు చలి. మన ఎండల్లో చలేమిటంటారా, చలికాలం తెల్లవారుజాము ఉంది, వానాకాలం ఉంది. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా తగిలితే బిడ్డకు చలిపెడుతున్నట్టే. దానికి మందు ఒంటి వేడి. బిడ్డకు టోపీ, మేజోళ్ళు, గుడ్డ మాత్రం ఉంచి, తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనేలా నిలువుగా పెట్టుకుని, పైన చీర బిగించి కట్టుకోవాలి. తల ఒక పక్కకు తిరిగి ఉండాలి, ముక్కు మూసుకుపోకూడదు. కంగారూ పద్ధతి అంటారు దీన్ని. గొప్పోళ్ళ ఆసుపత్రిలో పుట్టింది కాదు. 1978 ప్రాంతాల్లో కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో, పేదల ఆసుపత్రిలో పెట్టెలు చాలక అక్కడి డాక్టర్లు మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాకా ఎంతసేపు వీలైతే అంతసేపు ఇలా ఉంచమంది. తమ్ముళ్ళూ, మీ పని ఇదే. తండ్రి గుండె మీదైనా బిడ్డకు వేడి దొరుకుతుంది. తాత, నాయనమ్మ, అమ్మమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు. తల్లి ఒక కునుకు తీస్తుంది.

చప్పరించే సత్తువ లేని బిడ్డకు తల్లి పాలే పిండి, మరగబెట్టిన ఉగ్గుగిన్నెతో రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా పట్టాలి. రాత్రి కూడా లేపి పట్టాలి. పిండిన పాలు మూతపెట్టి నీడన ఉంచి నాలుగు గంటల్లోపు వాడెయ్యండి. నాయనమ్మలకు ఒక దణ్ణం పెట్టి చెబుతున్నాం: ముక్కులో ఆముదం వద్దు, సాంబ్రాణి పొగ వద్దు, వస వద్దు, తేనె నాకించొద్దు. డాక్టరు సరేననే దాకా కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పొయ్యొద్దు, గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు. మీరు ప్రేమతోనే చేస్తారు, కానీ ఈ బిడ్డ తట్టుకోలేదు.

బిడ్డ పాలు మానేసినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా, ఒళ్ళు కాలినా చల్లబడినా, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోను చెయ్యండి. ఏడాది లోపు జబ్బు బిడ్డకు సర్కారు ఆసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, పోయే బండి, వచ్చే బండి అన్నీ ఉచితం. 2011లో పెట్టిన జననీ శిశు సురక్ష కింద మొదట 30 రోజుల బిడ్డల దాకే ఉండేది, తర్వాత ఏడాదికి పెంచారు. ఎవరైనా డబ్బులడిగితే ఈ పేరు చెప్పండి. నెలలు బాగా తక్కువతో పుట్టిన బిడ్డకు నెల తిరక్కుండా కళ్ళ పరీక్ష చేయించాలి. ఇది మర్చిపోయిన చోట చూపు పోతుంది.

ఆశా వర్కరు ఎన్నిసార్లు రావాలో ఎవరికైనా తెలుసా? ఆసుపత్రి కాన్పుకు 3, 7, 14, 21, 28, 42 రోజులకు. బాక్సులో ఉండి వచ్చిన బిడ్డ దగ్గరికి ఆ తర్వాత కూడా, మూడో నెల నుంచి ఏడాది నిండేదాకా మూడు నెలలకోసారి. ఇది గడ్చిరోలి పల్లెల్లో తేలిన పని. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ డాక్టర్లు ఊరి ఆడవాళ్ళకే పని నేర్పి ఇంటింటికీ పంపితే 39 ఊళ్ళలో పసికందుల చావులు సగానికి పైగా తగ్గాయని 1999లో ప్రపంచానికి చూపించారు. మన పల్లెలో రిజిస్టరు నిండుతుందా, మనిషి వస్తుందా? రోడ్డు మీద నిలబడి కేకేసి పోతే అది రావడం కాదు. గడప లోపలికొచ్చి బిడ్డను తూచి, ఒళ్ళు ముట్టుకుని చూడాలి. అలాగని ఆశాల మీద విరుచుకుపడొద్దు. ఆరుసార్లు తిరిగితే 250 రూపాయలిచ్చే పని అది, చేసేవాళ్ళలో మన ఆడపిల్లలూ ఉన్నారు. అడగాల్సింది పైవాళ్ళని.

పైవాళ్ళు కదిలేదాకా బిడ్డ ఆగదు కదా. అందుకని మిరపకోత ముఠాలను అడుగుతున్నాం. మీ ముఠాలో ఒక తల్లి ఇలాంటి బిడ్డతో ఇంటి దగ్గరుంటే ఆమెనూ ముఠాలో లెక్కేసి, పంపకంలో ఆమెకూ కొంత తియ్యండి. వంతులేసుకుని రెండు బిందెల నీళ్ళు ఆమె గుమ్మంలో పెట్టండి. ఆ ఇంటి పొయ్యి కొన్నాళ్ళు బయట పెట్టించండి. ఎవరైనా ఆ అన్నం కూడా తమ కుండలోనే వండిపెడితే మరీ మంచిది.

డిశ్చార్జి చీటీలు ఇంగ్లీషులో ఉంటాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి అరుగు మీద కూచుంటాం. చీటీ, తల్లీబిడ్డ కార్డు, సీసా మీద పేరు కనపడేలా మందులు తెచ్చుకోండి. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో, ఏ చుక్కలు ఎన్ని వెయ్యాలో చదివి తెలుగులో రాసిస్తాం. బిడ్డను మాత్రం తీసుకురావద్దు, జనంలోకి ఇంకా వద్దు.