హద్దురాయి పోయింది, డబ్బా దొరికింది: సంకీర్ణ సంఖ్యలతో రెండు ఆటలు

ఈ ఎపిసోడ్ ఇంటర్ సెకండియర్ ఎంపీసీ వాళ్లకు ఎక్కువ పనికొస్తది. పదో తరగతి అయిపోయినోళ్లు కూడా నిమ్మళంగా చూడొచ్చు. ఫోన్ పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. వినుకుంట గీస్తేనే మజా.

ముప్కాల్‌ల ఒక పసుపు చేను ఉన్నదనుకోండి. చేన్ల ఒక వేపచెట్టు, ఒక బావి, ఒక హద్దురాయి. తాత ఏదో డబ్బాల పెట్టి చేన్ల పాతిపెట్టిండు, మనవడికి ఒక చీటీ రాసిపెట్టిండు. చీటీల ఇట్ల ఉన్నది.

“హద్దురాయి కాడ నిలబడు. అడుగులు లెక్కపెట్టుకుంట వేపచెట్టు దాకా నేరుగా పో. చెట్టు కాడ కుడిచేతి దిక్కు 90 డిగ్రీలు తిరిగి, మళ్లా అన్నే అడుగులు పో. అక్కడ ఒక గూటం కొట్టు. తిరిగి రాయి కాడికి రా. ఈసారి బావి దాకా అడుగులు లెక్కపెట్టు. బావి కాడ ఎడమచేతి దిక్కు 90 డిగ్రీలు తిరిగి, అన్నే అడుగులు పో. అక్కడ ఇంకో గూటం కొట్టు. రెండు గూటాల సరిగ్గా నడుమ తవ్వు.”

మనవడు చేన్లకు పోయిండు. చెట్టు ఉంది, బావి ఉంది, హద్దురాయి లేదు. ఎవరు పీకిన్రో, ఎప్పుడు పీకిన్రో తెల్వదు. హద్దురాయి కనబడకపోతే ఊర్ల ఎంత లొల్లి అయితదో మీకు తెలుసు. ఇప్పుడు ఆ పిలగాడు ఏం చేయాలె? పసుపు చేను మొత్తం తవ్వుకుంట పోవాల్నా?

చేను, చీటీ నేను కట్టిన కథ. లెక్క మాత్రం పాతది. జార్జ్ గామోవ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1947ల వచ్చిన తన పుస్తకంల దీన్ని ఒక దీవిల దాచిన నిధి కథగా చెప్పిండు. ఆయన కథల పోయింది ఉరికంబం, మన కథల హద్దురాయి.

ఇగ లెక్క చేద్దాం. ముందు ఒక్క విషయం పట్టుకోవాలె, ఈ ఎపిసోడ్ అంతా దాని మీదనే నడుస్తది. ‘ఐ’ అంటే ఏంది? పుస్తకంల ‘ఐ స్క్వేర్ ఈక్వల్స్ మైనస్ వన్’ అని ఉంటది. ఏ సంఖ్యను వర్గం చేసినా మైనస్ రాదు కదా, మరి ఇదెక్కడిది అని మనకు అనుమానం. ఆ అనుమానం కొత్తది కాదు. 9వ శతాబ్దంల మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’ల రుణ సంఖ్యకు వర్గమూలం ఉండదనే చెప్పిండు. పావులూరి మల్లన తర్వాత తెలుగులకు తెచ్చింది ఆ పుస్తకాన్నే. 1637ల డెకార్ట్ ఇట్లాంటి మూలాలకు ‘కల్పితం’ అని పేరు పెట్టిండు. ఆ పేరే మన తెలుగు అకాడమీ పుస్తకం దాకా వచ్చింది. కల్పిత భాగం అన్న మాట వినంగనే సగం మంది పిల్లలు, లేనిదాన్ని ఎందుకు చదవాలె అని మనసుల అనుకుంటరు. నా దృష్టిల ఆ పేరు చేసినంత నష్టం ఏ కష్టమైన సూత్రమూ చేయలే.

ఇట్ల చూడండి. నేల మీద తూర్పు దిక్కు 1 అనుకోండి. మైనస్ 1తో గుణిస్తే పడమటి దిక్కు, అంటే 180 డిగ్రీలు తిరిగినట్టు. మరి ఏ పనిని రెండుసార్లు చేస్తే 180 డిగ్రీలు తిరుగుతం? 90 డిగ్రీలు తిరగడం. ‘ఐ’తో గుణించడం అంటే ఎడమ దిక్కు 90 డిగ్రీలు తిరగడం, గంతే. రెండుసార్లు తిరిగితే వెనక్కి మళ్లినట్టు. అదే ఐ × ఐ = −1. కుడి దిక్కు తిరగాలంటే మైనస్ ‘ఐ’తో గుణించాలె. ఇండ్ల కల్పితం ఏముంది చెప్పండి? నిలబడి తిరిగి చూసుకోవచ్చు.

సంఖ్యలను ఇట్ల దిక్కులుగా చూసి మొదట రాసినాయన ఎవరో తెలుసా? కాస్పర్ వెసెల్, నార్వేల పుట్టి డెన్మార్క్‌ల పనిచేసినోడు. 1797ల అక్కడి అకాడమీ ముందు తన వ్యాసం పెట్టిండు, 1799ల అచ్చయింది. చాలా ఏండ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలే. 1806ల ఆర్గాండ్ విడిగా అదే మాట చెప్పిండు, అందుకే మనం ఆర్గాండ్ తలం అంటున్నం. వెసెల్ చేసే ఉద్యోగం ఏందంటే, భూమి సర్వే! గొలుసు పట్టుకొని పొలాలు కొలిచేటాయనకు ఈ ఆలోచన రావడం నాకు మస్తు నచ్చుతది.

ఇగ మన చేన్లకు వద్దాం. చెట్టుకు, బావికి సరిగ్గా నడుమ చోటును సున్న అనుకుందాం. చెట్టు −1 కాడ, బావి +1 కాడ. అంటే చెట్టు, బావి మధ్య దూరంల సగం మనకు ఒక యూనిట్. రాయి యాడుందో తెల్వదు కాబట్టి దానికి ‘రా’ అని పేరు పెడదాం.

రాయి నుంచి చెట్టుకు నడక: −1 − రా. చెట్టు కాడ కుడికి తిరిగినం, కాబట్టి మైనస్ ఐతో గుణించాలె: ఐ + ఐ×రా. ఆ నడకను చెట్టు నుంచి మొదలుపెట్టినం కాబట్టి

మొదటి గూటం = −1 + ఐ + ఐ×రా

రాయి నుంచి బావికి నడక: 1 − రా. ఎడమకు తిరిగినం, ఐతో గుణించాలె: ఐ − ఐ×రా. కాబట్టి

రెండో గూటం = 1 + ఐ − ఐ×రా

రెండు కలపండి. −1, +1 పోయినయ్. ఐ×రా ఒక దాంట్ల ప్లస్, ఇంకో దాంట్ల మైనస్, అదీ పోయింది. మిగిలింది 2ఐ. సగం చేస్తే ‘ఐ’.

వీడియో ఆపి ఇంకోసారి చూడండి. జవాబుల ‘రా’ లేదు! రాయి యాడున్నా డబ్బా చోటు మారదు. చెట్టుకు, బావికి నడుమ నిలబడి బావి దిక్కు ముఖం పెట్టు, ఎడమకు తిరుగు, చెట్టుకు బావికి ఉన్న దూరంల సగం నడువు, తవ్వు. చెట్టుకు బావికి 40 అడుగులు ఉంటే 20 అడుగులు నడవాలె.

నమ్మకం కుదరకపోతే ఫోన్ల జియోజీబ్రా యాప్ వేసుకోండి. చెట్టు, బావి, రాయి మూడు బిందువులు పెట్టి, చీటీల చెప్పినట్టే గూటాలు గీసి, రాయిని వేలుతో ఎటైనా లాగండి. గూటాలు రెండూ ఉరుకుతయ్, నడుమ బిందువు మాత్రం కదలదు. కానీ నిజంగ హద్దురాయి పోతే ఈ లెక్క పట్టుకొని తహసీల్ ఆఫీసుకు పోకండి, అక్కడ పని జరగదు.

సరే, రెండో ఆట. మొదటి దాంట్ల తిరగడం ఒక్కటే సరిపోయింది. దీనికి బహుపది కూడా కావాలె.

పసుపు ఉడకబెట్టి ఆరబోసే కళ్లం ఉంటది కదా, అది ఖాళీగ ఉన్నప్పుడు నడుమ ఒక గూటం కొట్టి, ఒక మీటరు తాడుతో గుండ్రంగ గీత గీయండి. అదే మీటరు తాడును గీత మీద ఒక చోటు నుంచి ఇంకో చోటికి పెట్టుకుంట పొండి. సరిగ్గా ఆరుసార్లకు మొదటి చోటికే వస్తరు. ఆరు చోట్ల ఆరు పసుపు కొమ్ములు పెట్టండి. ఇప్పుడు ఒక కొమ్ము కాడ కూర్చొని, మిగిలిన అయిదింటికి దూరాలు కొలవండి. 1, 1.73, 2, 1.73, 1 మీటర్లు వస్తయ్. ఆ 1.73 అంటే √3. ఇప్పుడు ఈ అయిదు దూరాలను గుణించండి. 1 × √3 × 2 × √3 × 1. ఎంత? 6.

నాలుగు కొమ్ములతో చేయండి. √2 × 2 × √2, అంటే 4. మూడింటితో √3 × √3, అంటే 3. ఎన్ని కొమ్ములు పెడితే అంతే వస్తది! గోడ గడియారంల 12 కాడి నుంచి మిగిలిన 11 అంకెలకు దూరాలు గుణించినా, చుట్టుకొలత గీతకు వ్యాసార్థం 1 అనుకుంటే, సరిగ్గా 12.

ఎందుకు? ఆరు కొమ్ములను సంఖ్యలుగా చూడండి. మొదటి కొమ్ము 1. రెండోది 60 డిగ్రీలు తిరిగిన 1, దాన్ని ఒమెగా అందాం. గుణిస్తే కోణాలు కలుస్తయ్, డిమూవర్ సిద్ధాంతం చెప్పేది అదే. ఒమెగాను ఆరుసార్లు గుణిస్తే 360 డిగ్రీలు, అంటే మళ్లా 1. మూడో కొమ్ము ఒమెగా², నాలుగోది ఒమెగా³, అట్ల. ఆరింట్ల దేన్ని ఆరో ఘాతం చేసినా 1 వస్తది. అంటే ఆరు కొమ్ములూ జెడ్⁶ − 1 అనే బహుపదికి మూలాలు. మూలాలు తెలిస్తే కారణాంకాలు తెలిసినట్టే:

జెడ్⁶ − 1 = (జెడ్ − 1)(జెడ్ − ఒమెగా)(జెడ్ − ఒమెగా²)(జెడ్ − ఒమెగా³)(జెడ్ − ఒమెగా⁴)(జెడ్ − ఒమెగా⁵)

ఇంకో పక్క, జెడ్⁶ − 1 ని (జెడ్ − 1)తో భాగిస్తే జెడ్⁵ + జెడ్⁴ + జెడ్³ + జెడ్² + జెడ్ + 1 వస్తది, ఇది మీకు తెలుసు. కాబట్టి మిగిలిన అయిదు కారణాంకాల లబ్ధం ఇదే. ఇక్కడ తొందరపడొద్దు. ముందే జెడ్ = 1 పెడితే రెండు పక్కలా సున్న, చేతికి ఏం రాదు. ముందు (జెడ్ − 1)ని బహుపదిగా తీసేయాలె, ఆ తర్వాతనే 1 పెట్టాలె. అప్పుడు ఒక పక్క 1+1+1+1+1+1 = 6. ఇంకో పక్క (1 − ఒమెగా)(1 − ఒమెగా²)… అట్ల అయిదు. 1 − ఒమెగా అనే సంఖ్య మాడ్యులస్ అంటే ఆ రెండు కొమ్ముల మధ్య దూరమే. అయిపోయింది. ఆరు తీసి ఏ సంఖ్య పెట్టినా ఇదే వాదం నడుస్తది.

ఏడు పెట్టి చూడండి. సమసప్తభుజిని స్కేలు, వృత్తలేఖినితో కచ్చితంగ గీయలేం, దాన్ని 1837ల వాంట్‌జెల్ నిరూపించిండు. దూరాలు కూడ వికారంగ ఉంటయ్: 0.868, 1.564, 1.950, ఒక్కొక్కటి రెండుసార్లు. కానీ ఆరింటినీ గుణిస్తే కచ్చితంగ 7.

దీన్ని ఇంకా పెద్దగ చేసినాయన రోజర్ కోట్స్, ఇంగ్లండ్‌ల న్యూటన్‌తో కలిసి పనిచేసినోడు. 1716ల 33 ఏండ్లకే చనిపోయిండు. ఆయన రాసినవి 1722ల పుస్తకంగా వచ్చినయ్, అందుల ఈ సిద్ధాంతం ఉన్నది. మన మాటల చెప్పాలంటే: కళ్లం నడుమ నుంచి ఒక కొమ్ము మీదుగ నేరుగ బయటికి పోయి, కేంద్రానికి 2 మీటర్ల దూరంల నిలబడండి. అక్కడి నుంచి ఆరు కొమ్ములకు దూరాలు 1, √3, √7, 3, √7, √3. గుణిస్తే 1 × 3 × 7 × 3, అంటే 63. అది 2⁶ − 1. జెడ్ కాడ 1 బదులు 2 పెట్టినం, గంతే.

మన దగ్గర డిమూవర్ అంటే ఏడు మార్కుల ప్రశ్న, సమీకరణ వాదం అంటే ఇంకో చాప్టర్, రేఖాగణితం పదో తరగతితోనే వదిలేసిన సంగతి. ముందటి రాత్రి రుజువు బట్టీ పట్టి రాస్తే మార్కులు వస్తయ్, నేను కాదనను. కానీ ఒలింపియాడ్ ప్రశ్న గానీ, జేఈఈల కొంచెం మెలి తిప్పిన ప్రశ్న గానీ మూడింటినీ ఒక్క బొమ్మల అడుగుతది. అప్పుడు బట్టీ పట్టినోడు ఆగిపోతడు, కళ్లంల కొమ్ములు పెట్టి కొలిచినోడు ఆగడు. తెలుగు మీడియంల చదివిన పిల్లలు ఇది మనది కాదు అని వెనక్కి జరగడం చూస్తే నాకు బాధ అనిపిస్తది, ఎందుకంటే ఈ లెక్కకు కావలసింది ఒక తాడు, ఒక గూటం, కొంచెం ఓపిక.

మీకు ఒక పని ఇస్తున్న. అదే కళ్లం, అవే ఆరు కొమ్ములు. ఈసారి దూరాలను గుణించకండి, ఒక్కో దూరాన్ని వర్గం చేసి కూడండి. 1 + 3 + 4 + 3 + 1, అంటే 12. నాలుగు కొమ్ములతో ఎంత వస్తదో చూడండి, తర్వాత మూడింటితో. ఎన్ని కొమ్ములకైనా పనికొచ్చే సూత్రం పట్టుకొని, ఎందుకో రాయండి. సాయం కావాలంటే ఒక్క మాట: ఆరు కొమ్ములను సంఖ్యలుగా చూసి కూడితే సున్న వస్తది. అది ఎందుకో ముందు తేల్చుకోండి, మిగిలింది దాని వెనకనే వస్తది. వచ్చే ఎపిసోడ్ అక్కడి నుంచే మొదలుపెడదాం.