చేతిపనియు చదువును
(పాఠశాల వార్షికోత్సవ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



రాబోవు సంవత్సరము ఎనిమిదవ తరగతి మొదలు పిల్లలకు వారమునకు రెండు గంటలు లేతుమీద కఱ్ఱపని నేర్పింపవలెనని మన సంఘము తలపెట్టినది. ఈ వార్త వెలువడిన పిదప తలిదండ్రులలో కొందఱు మా కడకు వచ్చి, "అయ్యా, మేము పిల్లలను చదువుకొనుటకు పంపితిమి గాని వడ్రంగము నేర్చుటకు కాదు. తెలుగు చదువు చదివించుచున్నందుకే బంధువులు మమ్ము నిలదీయుచున్నారు. దానికి తోడు ఉలి కూడ పట్టింతురా?" అని అడిగిరి. ఇది కోపముతో నడిగిన ప్రశ్న కాదు. బిడ్డల బ్రదుకును గూర్చిన దిగులుతో నడిగినది. కావున దీనికి వివరముగా బదులు చెప్పుట మా విధి.

మన పెద్దలు తరిమెన యనిన సాధనమునే నేడు లేతు అనుచున్నాము. ఇందు కఱ్ఱ తిరుగును. ఉలి దానికి ఆనియుండును. మన యిండ్లలోని మంచపు కోళ్లు, అప్పడాల కఱ్ఱ, కుంకుమ భరిణె, మగపిల్లల బొంగరము, ఆడపిల్లల లక్కపిడతలు దీనిపై పుట్టినవే. వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలోను, బెంగళూరు నుండి మైసూరు పోవు దారిలోని చన్నపట్నములోను ఈ పనియే వేల నోళ్లకు అన్నము పెట్టుచున్నది. రెండు చోట్లను వాడునది ఒకే చెట్టు కఱ్ఱ. మనము అంకుడు అందుము. కన్నడిగులు హాలె మర అందురు. తిరుగుచున్న బొమ్మకు రంగు లక్క కడ్డీ ఆనించినచో రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టును. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. చెట్ల నుండి తీసిన రంగులతో ఆ పనికి మరల జీవము పోసిన సి. వి. రాజు గారిని 2023లో పద్మశ్రీతో ప్రభుత్వము గౌరవించినది. ఇది చిన్నచూపు చూడదగిన విద్య కాదని చెప్పుటకే ఈ మాటలు.

ఆ బొమ్మలకు కఱ్ఱను ముందుగా ఆరబెట్టుదురు. మన పిల్లలకు మాత్రము మొదట పచ్చి కఱ్ఱతో కాడయు పాదమును గల గిన్నెను చేయించ దలచినాము. తోటలలో కొమ్మలు నఱకినపుడు దొరకు ముక్కలే చాలును, కొననక్కఱలేదు. పచ్చి కఱ్ఱ ఉలికి మెత్తగా తెగును. పొట్టు దుమ్ముగా లేవక పొడవైన పట్టీలుగా జారిపడును.

అయితే పచ్చి కఱ్ఱకు ఒక గుణము కలదు. దానిలోని నీరు రెండు చోట్ల నుండును: కణముల బోలులో కొంత, కణముల గోడలలో కొంత. బోలులోని నీరు పోవునంత కాలము కఱ్ఱ పరిమాణము మాఱదు. ఎండిన కఱ్ఱ బరువుతో పోల్చగా నీరు నూటికి ఇంచుమించు 30 పాళ్లకు దిగిన పిదప గోడలలోని నీరు కదలును. అప్పుడు కఱ్ఱ కుదించుకొన నారంభించును. ఆ కుదింపు అన్ని దిక్కుల సమానము కాదు. నిలువున దాదాపు ఉండదు. చేవ నుండి బెరడు వైపునకు కొంత యుండును. వలయముల వెంట దానికి ఇంచుమించు రెట్టింపు. అందుచేత గుండ్రముగా చేసిన గిన్నె ఆరిన పిదప కోలగా మాఱును. మూత గట్టిగా పట్టవలసిన కుంకుమ భరిణెకు ఎండిన కఱ్ఱయే కావలెననుటకు కారణ మిదియే.

గిన్నె పగులకుండుటకు మార్గ మేమి? గోడ అంతటను ఒకే మందముగ నుండవలెను. రెండు మూడు మిల్లీమీటర్లకు మించరాదు. ఒకచోట దళసరిగను ఒకచోట పలుచగను ఉన్నచో ఒక భాగము ముందు ఆరి, రెండవ దానిని లాగి చీల్చును. పలుచని పచ్చి గోడ గుండ వెలుతురు కానవచ్చును గనుక, దీపము పెట్టి మందమును పోల్చవచ్చును. పనికి వరుస కూడ కలదు. ముందు గిన్నె లోపలి భాగము, తరువాత వెలుపలి భాగము, కాడ చివరకు. కాడనే ముందు సన్నము చేసినచో పైభాగమునకు ఆధారము చాలక గిన్నె అదరి విఱుగును. సగము చేసి రేపటికి విడిచినచో తెల్లవాఱునప్పటికి వంకర తిరుగును. ఒకే కూర్చుండుటలో ముగించి, పొట్టులో కప్పి, నీడన మెల్లగా ఆరనీయవలెను.

ఇందు చదువు లేదనగలమా? పచ్చి ముక్క బరువు 600 గ్రాములనుకొందము. పూర్తిగా ఎండిన పిదప 400 గ్రాములు. పోయిన నీరు 200 గ్రాములు. ఎండిన బరువుతో పోల్చగా నూటికి 50 పాళ్లు. ఈ శాతమును పలకమీద కంటె తక్కెడలో నేర్చిన బాలుడు మఱవడు. ప్రతిదినము తూచి వ్రాసినచో విజ్ఞానశాస్త్ర మగును. చేసిన పనిని వరుసగా తెలుగున వ్రాసినచో వ్యాస మగును. దానినే కన్నడమున పొరుగు పాఠశాల పిల్లలకు చెప్పినచో రాష్ట్రభాష అభ్యాస మగును.

ఈ భావము మాది కాదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీ మహాత్ముని అధ్యక్షతన జరిగిన విద్యా మహాసభ రెండు మాటలను జతగా నిలిపినది: బోధన మాతృభాషలో జరుగవలెను, విద్య చేతిపని చుట్టును అల్లుకొనవలెను. మొదటి మాటకు 1956లో రాజ్యాంగమున 350ఏ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధింప తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని అది చెప్పుచున్నది. రెండవ మాటను మనమే మఱచితిమి.

తెలుగు చదివిన బిడ్డ వెనుకబడునా యని మీరు భయపడుచున్నారు. మొక్కై వంగనిది మానై వంగునా యని సామెత. లేతు పనివాడు దానికి ఇంకొక మాట చేర్చును: పచ్చిగా నున్నప్పుడు చెక్కుట సులభమే గాని, గోడ సమముగా లేనిచో ఆరునప్పుడు పగులును. ఇంట తెలుగు, సంతలో కన్నడము, పెద్ద చదువునకు ఇంగ్లీషు, ఈ మూడును గుడిబండె బిడ్డకు కావలసినవే. ఒక దానిని దళసరి చేయుటకు ఇంకొక దానిని పలుచన చేయు తొందర మాకు సమ్మతము కాదు. అర్థము కాని భాషలో పాఠమును వల్లించిన పిల్లవాడు పరీక్ష గట్టెక్కినను, ప్రశ్న అడుగుట నేర్వడు.

ఈ పని నేర్చినవారందఱకు ఉద్యోగములు దొరకునని మేము చెప్పము. పనివారి బిడ్డకు తన తండ్రి విద్యయందు గౌరవము, తక్కిన పిల్లలకు పనివానియందు గౌరవము కలిగిననే చాలునని మా యాశ. ఆడపిల్లలు కూడ నేర్తురు. కంటి అద్దములు లేనిదే ఎవరును యంత్రము కడకు పోరాదు. వదులు చేతుల చొక్కాలు, గాజులు, విప్పిన జడలు కూడదు. ఉపాధ్యాయుడు ప్రక్కన లేక మీట నొక్కరాదు.

మీ నుండి కోరునది రెండే. సమ్మతి పత్రముపై చేవ్రాలు చేయుటకు ముందు ఒకనాడు పాఠశాలకు వచ్చి, యంత్రమును చూచి, సందేహములు అడుగుడు. మీ తోటలో కొమ్మలు కొట్టినపుడు చేతి మందము గల ముక్కలను ఎండనీయక పంపుడు. మీ బిడ్డ చేసిన తొలి గిన్నె కొంచెము వంకరగ ఇంటికి వచ్చినచో నవ్వక, అది అట్లేల వంగినదో బిడ్డనే చెప్పమనుడు. తెలుగున చెప్పగలిగినచో మన పాఠశాల తన పని చేసినట్లే.