రెండు బకెట్ల వేడినీళ్ళకు ఎంత ఖర్చు?

(విశ్రాంత ఉద్యోగుల సంఘం తెలకపల్లి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నాకిచ్చిన కొద్ది సమయంలో ఇంటి ఖర్చుకు సంబంధించిన ఒక లెక్క మనవి చేస్తాను.

మా పెద్దవాడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన చలికాలం ఫోన్ చేసి, "నాయనా, అమ్మ మోకాళ్ళ నొప్పులతో కట్టెల పొయ్యి దగ్గర కూర్చోలేదు. గీజరు పెడితే కరెంటు ఎక్కువ కాలుతుంది. హీట్ పంపు పెట్టించు, సగం డబ్బు నేను పంపిస్తా" అన్నాడు. హైదరాబాదులో ఒక దుకాణం వారిని అడిగితే 200 లీటర్ల ట్యాంకు, పైపులు, బిగింపు కూలి అన్నీ కలిపి 1,40,000 రూపాయలన్నారు. అందులో నా వంతు 70,000 ఎక్కడి నుంచి తేవాలి? మా ఇంటామె మోకాలి ఆపరేషను కోసమని బ్యాంకులో వేసిన డిపాజిట్ నుంచే తీయాలి. అందుకని కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

ముందు ఆ యంత్రం సంగతి. మన ఇంట్లో ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనక వైపు వదులుతుంది. వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది అదే. హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లాగి నీళ్ళలోకి పంపుతుంది. వేడిని కొత్తగా పుట్టించదు, ఒక చోటి నుంచి ఇంకొక చోటికి మోస్తుంది. అందుచేత గీజరుకు మూడు యూనిట్లు పట్టే పని దీనికి సుమారు ఒక యూనిట్‌తో అవుతుంది. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత సులువుగా పని చేస్తుంది. ఆ లెక్కన మన పాలమూరు ఎండలు దానికి పండుగే. కాని అంత ఎండలో వేడినీళ్ళు ఎవరికి కావాలి?

జర్మనీ సంగతి వేరు. అక్కడ దానితో కేవలం స్నానపు నీళ్ళే కాదు, చలికాలమంతా ఇల్లు మొత్తం వెచ్చబెట్టుకుంటారు. 2024 నుంచి అక్కడి ప్రభుత్వం ఒక కుటుంబం ఉండే ఇంటికి 30,000 యూరోల ఖర్చు వరకు లెక్కలోకి తీసుకుని, అర్హతను బట్టి అందులో 70 శాతం దాకా సాయం ఇచ్చే పద్ధతి పెట్టింది. మావాడు అక్కడి లెక్కతో చెప్పాడు. తప్పు పట్టలేను.

ఇక మన లెక్క. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో క్యాలరీ కావాలి. 860 కిలో క్యాలరీలు ఒక యూనిట్ కరెంటుకు సమానం. మేమిద్దరం చెరొక బకెట్ పోసుకుంటాం. ఇరవై లీటర్ల బకెట్లు రెండు, నలభై లీటర్లు. చలికాలంలో 22 డిగ్రీల నీళ్ళు 42కు రావాలంటే 800 కిలో క్యాలరీలు. అంటే గీజరులో వృథా అయ్యేది కలుపుకుని రోజుకు ఒక యూనిట్, నెలకు 30. హీట్ పంపుకైతే నెలకు 10. మిగిలేది 20 యూనిట్లు.

మా ఇంట్లో నెలకు 150 యూనిట్లు కాలుతుంది. 2022 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో అమలైన ధరల ప్రకారం, నెలకు 200 యూనిట్లు దాటని ఇంటికి మొదటి వంద 3.40 చొప్పున, తరువాతి వంద 4.80 చొప్పున. కనుక 20 యూనిట్లకు మిగిలేది నెలకు 96 రూపాయలు. మా ఇంటామెకు ఎండాకాలంలోనూ వేడినీళ్ళే కావాలి కాబట్టి పన్నెండు నెలలూ కట్టినా సంవత్సరానికి 1,152. పెట్టిన 1,40,000 తిరిగి రావడానికి నూట ఇరవై ఏళ్ళు పైబడుతుంది. నాకిప్పుడు డెబ్బై నాలుగు. యంత్రానికి పది పదిహేనేళ్ళు. బోరు నీళ్ళ ఉప్పు పేరుకుంటే అదీ తగ్గుతుంది. లెక్క వినిపిస్తే మా ఇంటామె, "రెండు బకెట్లకు లక్షా నలభై వేలా? మీవాడికి చెప్పండి, చిన్న గీజరు చాలు" అన్నది.

అయితే అందరి ఇళ్ళూ మా ఇల్లు కాదు. కొడుకు, కోడలు, మనవలు కలిసి ఆరుగురున్న ఇంట్లో, వంటింటి నీళ్ళతో సహా రోజుకు మూడు యూనిట్లు గీజరుకే పోతాయనుకుందాం. 150కి 90 కలిపితే 240. ఇక్కడొక మెలిక ఉంది. 200 దాటగానే మొదటి 200 కూడా 5.10 లెక్కకు మారతాయి, పైవి 7.70. స్థిర ఛార్జీలు వదిలేసి వాడిన కరెంటు వరకే చూస్తే, 200 యూనిట్లకు 820 రూపాయలు, 201కి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల పైన! ఆహార భద్రతా కార్డున్న ఇళ్ళకు 2024 నుంచి 200 యూనిట్ల లోపు గృహజ్యోతి ఉన్నది గాని, మనలో చాలామందికి ఆ కార్డు లేదు. ఈ ఇంటికి గీజరుతో 1,328, హీట్ పంపుతో 180 యూనిట్లే గనుక 724. నెలకు 604 మిగులుతుంది. ఏడాది పొడుగునా వాడినా పెట్టుబడి రావడానికి పందొమ్మిదేళ్ళు దాటుతుంది. చలికాలం నాలుగు నెలలే వాడితే చెప్పనక్కరలేదు. రాత్రింబగళ్ళు వేడినీళ్ళు కావలసిన హాస్టళ్ళు, లాడ్జీలు, ఆసుపత్రుల లెక్క వేరు. అక్కడ అది నిజంగా గిట్టుబాటయ్యే యంత్రమే.

ఇంటి మీద పెద్ద మొత్తం పెట్టే స్తోమత ఉన్నవారు ముందు సోలార్ ఫలకాల వైపు చూడండి. మన జిల్లాలోనే వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో 2025లో ఊరంతా ఇళ్ళ కప్పుల మీద బిగించారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో కేంద్రం రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ పెట్టింది. ఫలకాల కరెంటు ఒక్క నీళ్ళకే కాక ఫ్యానుకు, ఫ్రిజ్‌కు కూడా పనికొస్తుంది. ఒక ముఖ్య విషయం. మనలో చాలా ఇళ్ళలో కరెంటు మీటరు ఇంకా కీర్తిశేషులైన తండ్రిగారి పేరనే ఉంటుంది. దరఖాస్తుకు ముందే దాన్ని మీ పేరుకు మార్పించుకోండి.

ఎవరైనా తమ ఇంటి లెక్క చూపించదలిస్తే, నిరుడు చలికాలం బిల్లులు మూడు, ఎండాకాలం బిల్లులు మూడు పట్టుకు రండి. భోజనాల తరువాత ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను. కాలిక్యులేటరు కూడా తెచ్చుకున్నాను.