క్షురవృత్తియు, రక్తమువలన సోకు కామెర్లును



తిరుమలలో యాత్రికులు తలనీలాలు సమర్పించు తావునకు కల్యాణకట్ట యని పేరు. కల్యాణమనగా శుభము. అట్టి శుభకార్యమునకు కూర్చున్నవాడు రోగముతో లేవరాదు. ఆ కార్యము చేసినవాడును రోగముతో ఇల్లు చేరరాదు. ఈ రెంటిని గూర్చియే మేము నేడు విన్నవింపదలచితిమి.

హెపటైటిస్-బి కాలేయమును చెరచు వైరసు. 2022 నాటికి లోకమున సుమారు 25 కోట్ల 40 లక్షలమంది దీనితో జీవించుచుండిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ఇది రక్తమువలనను, దేహద్రవములవలనను సోకును. సహపంక్తి భోజనమువలన గాని, చేయి తాకుటవలన గాని సోకదు.

దీనికి మిక్కిలి లోబడువారెవరు? రోగము గల తల్లి కన్న శిశువు మొదటివాడు. శైశవమున సోకినవారిలో నూటికి 90 మందికి అది చిరకాలము నిలుచును. పెద్దలలో నూటికి అయిదుగురికైనను నిలువదు. పిమ్మట రోగి జీవితభాగస్వామి, సూదిపోటునకు గురియగు వైద్యశాలా సేవకులు, రక్తశుద్ధి చేయించుకొను మూత్రపిండ రోగులు. ఆ వరుసలోనే కత్తి పట్టిన మనమును ఉన్నాము.

మన పనిలో పెద్ద గాయమక్కరలేదు. కంటికానని గాటు చాలును. ఎండిన నెత్తుటిలో ఈ వైరసు ఏడు దినములైనను బ్రదుకగలదు. ఒక చెంపనుండి మరియొక చెంపకు పోవు పటికముక్కయు ప్రమాదమే. కత్తిని మందునీట ముంచి తీసిన చాలదు. తలతలకు క్రొత్త బ్లేడును కూర్చున్నవాని యెదుటనే విప్పవలెను. మన వ్రేళ్ల గాయములకు కట్టు కట్టుకొనవలెను.

కండ్లు పచ్చబడలేదు గనుక రోగము లేదనుట సరికాదు. ఏ లక్షణమును లేక ఏండ్లు గడచి, తుదకు కాలేయము ఎండుటయో, పుండగుటయో కలదు. పసరుమందుతో నయమైనదని చెప్పుకొను పెద్దల కామెర్లలో పెక్కు తమంత తామే తగ్గునవి. నిలిచిన వైరసును పసరు తీయదు.

దీనికి టీకా కలదు. విదేశపు టీకా పేదలకందని కాలమున, 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ వారు స్వదేశపు టీకాను చౌకగా తెచ్చిరి. స్థాపకులు వరప్రసాద్ రెడ్డిగారు మన తెలుగువారే. నేడు శిశువులకు పుట్టిన 24 గంటలలోపల ప్రభుత్వమే ఇచ్చుచున్నది. కాని అంగళ్లలో నిలబడు మన నడివయస్కులకు శైశవమున ఇది లేదు. వారు ముందు పరీక్ష చేయించుకొని, రోగము లేనిచో ఆరునెలలలో మూడు మోతాదులు వేయించుకొనవలెను. రోగమున్నచో, 2018లో ఆరంభమైన జాతీయ పథకము క్రింద ప్రభుత్వ వైద్యశాలలలో పరీక్షయు, ఔషధమును ఉచితము.

ఒక్క భయము మనవారిని పరీక్షకు పోనీయకున్నది: రోగమని తేలినచో అంగడి మూతపడును, ఆడపిల్లకు సంబంధము తప్పును. ఈ భయమును తీర్చవలసినది సంఘమే. రోగి సోదరుని వెలివేయువాడు పదిమందిని పరీక్షకు రాకుండ చేయుచున్నాడు.

పోషకులారా! శాలువలకు వెచ్చించు ధనములో కొంత పలమనేరు, కుప్పము, శ్రీకాళహస్తి పల్లెలలో అడపము చంకనిడుకొని తిరుగు మన సోదరుల టీకాలకు కేటాయింపుడు. పూర్వము మంత్రసానులై ఊరి బిడ్డలను భూమిపైకి తెచ్చినవారు మన తల్లులు. ఆ బిడ్డల క్షేమము నేటికిని మన చేతులలో కొంత కలదని మనవి చేసి విరమించుచున్నాము.