వెంట వచ్చినవారు
(యాదగిరిగుట్టలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ పెద్దసారు దగ్గరే నేను చదువుకున్నాను. తర్వాత ఆయన పక్క గదిలోనే పాఠాలు చెప్పాను. ఆయనకు సభలంటే సరిపడేది కాదు. నాలుగు మాటలు చెప్పి కూర్చోమనేవారు. ఇవాళ నాలుగుకు మించి మాట్లాడబోతున్నానంటే ఆయన ముందువరసలో లేరన్న ధైర్యమే. నేను డాక్టరును కాను, ముప్పై ఏళ్ళు బడిపంతులును. మానసిక ఇబ్బందులున్న పిల్లల గురించి మాట్లాడమని కమిటీవారు అడిగారు. పిల్లల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ వెంట వచ్చినవాళ్ళ గురించి చెబుతానన్నాను.

పన్నెండేళ్ళ కిందటి మాట. గుడి పునర్నిర్మాణం ఇంకా మొదలు కాలేదు. కార్తీకమాసం, తెల్లవారుజాము అయిదు కావస్తోంది. పుష్కరిణిలో మునిగి తడిబట్టలతో ప్రదక్షిణ చేసేవాళ్ళ వెనక నేనూ నడుస్తున్నాను. నా ముందు ఒక తల్లి. ఆమె కొంగు కొస తొమ్మిదేళ్ళ కొడుకు మణికట్టుకు ముడివేసి ఉంది. వాడు నాలుగడుగులు సక్రమంగా వేస్తాడు, అయిదో అడుగుకు పక్కకు గుంజుతాడు. కొంగు బిగుసుకుంటుంది, ఆమె భుజం ఒరుగుతుంది, మళ్ళీ సర్దుకుని నడుస్తుంది. మూలమెట్టు మీద ఒక ఆడపిల్ల కూర్చుని, తల్లి ఒక చుట్టు దాటినప్పుడల్లా ఒక చింతగింజను ఈ కుప్పలోంచి ఆ కుప్పలోకి జరుపుతోంది.

తర్వాత మెట్ల దగ్గర కూర్చున్నప్పుడు అడిగాను. "ముడెందుకమ్మా?"

"ఇడిస్తే ఉరుకుతడు సారూ. మొన్న బస్టాండు దాక ఉరికిండు."

"ఎన్ని రోజులాయె వచ్చి?"

"పందొమ్మిది."

"ఏమన్న గుణం కనబడ్డదా?"

ఆమె కాసేపు వాడివైపు చూసింది. "వాని సంగతేమో గాని సారూ, ఈడ నన్నెవ్వరూ ఒక్క మాట అంటలేరు."

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఇవాళ మీకు చెప్పబోయేదంతా దానికి టీక అనుకోండి.

గుట్ట మీది స్వామిని వైద్య నరసింహుడంటారు. దీర్ఘరోగులను, గాలి సోకిందనేవాళ్ళను, మతి చలించిందనేవాళ్ళను తీసుకొచ్చి మండలం రోజులు నిద్ర చేయించడం ఇక్కడ తరాలనాటి ఆనవాయితీ. పాలమూరు వైపువాళ్ళు జహంగీర్ పీర్ దర్గాకూ ఇలాగే పోతారు. వయసులో ఉన్నప్పుడు నేను దీన్ని వెక్కిరించినవాణ్ణే. కరపత్రాలు కూడా పంచాను. ఇప్పుడు వెక్కిరించను, పూర్తిగా ఒప్పుకోనూ ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

బెంగుళూరు నిమ్హాన్స్‌కు చెందిన రఘురాం, ఆయన సహచరులు తమిళనాడులోని ఒక చిన్న గుడిలో బస చేసిన మానసిక రోగులను పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 31 మంది, సగటున ఆరు వారాల బస. మందులు లేవు, భూతవైద్యం లేదు. గుడి పనుల్లో ఓ చేయి వేయడం, ఇంటివాళ్ళు పక్కన ఉండటం, అంతే. లక్షణాల తీవ్రతను కొలిస్తే దాదాపు 20 శాతం తగ్గింది. చిన్న పరిశీలన అది. గుడికి రాని రోగులతో పోల్చి చూసిందీ లేదు. దాన్ని పట్టుకుని మందులు అక్కర్లేదనేవాళ్ళకు నేను వంత పాడను. కానీ బెదిరింపు లేని చోటు, పక్కన ఓ తోడు, రోజుకో క్రమం ఉంటే మనసు కొంత కుదుటపడుతుందని ఆ వైద్యులే రాశారు.

ఆ తమిళనాడులోనే ఎర్వాడి ఉంది. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అక్కడి దర్గా దగ్గరి ఒక ఆశ్రమంలో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టి ఉంచిన రోగులు లేచి పరుగెత్తలేకపోయారు. 28 మంది పోయారు. వాళ్ళను అక్కడ వదిలి వెళ్ళిన ఇళ్ళవాళ్ళందరినీ కర్కోటకులనుకోను. చాలామంది అలిసిపోయినవాళ్ళే అయి ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదంది. కొంగు సంగతి ఆ చట్టంలో లేదు. కొంగు రెండు కొసలనూ కట్టేస్తుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. గాలి సోకిందని తెచ్చే పిల్లల్లో మూర్ఛ ఉన్నవాళ్ళూ ఉంటారు. మండలం పూర్తయ్యేదాకా మాత్రలు ఆపుతామని కొందరు మొక్కుకుంటారు. మూర్ఛమాత్ర హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఎక్కువై ప్రాణం మీదికి వస్తుంది. ప్రదక్షిణ చేయండి, మాత్ర వేయండి. స్వామికి మాత్రతో పేచీ ఉందని ఏ అర్చకుడూ నాతో అనలేదు.

ఇక ఆ తల్లి ఇంటి దగ్గర ఏం విని వచ్చిందో ఆమెను అడగనక్కర్లేదు. గారాబం చేసి చెడగొట్టిందని అత్త అంటుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని ఆడబిడ్డ అంటుంది. మీ వంశంలో ఉందని మొగుడంటాడు. చివరికి బడి నుంచి కబురొస్తుంది: మీవాడు కూర్చోడు, రాయడు, పక్కవాణ్ణి కొరుకుతాడు, తీసుకుపొండి. ఆ కబురు ఎన్నిసార్లు పంపానో నాకే లెక్కలేదు. ఒక్కసారైనా పిలిచి కూర్చోబెట్టి, రాత్రి వాడు ఎన్నింటికి పడుకుంటాడు, నువ్వెప్పుడు పడుకుంటావమ్మా అని అడగలేదు.

తల్లిని తప్పుపట్టడం మన పల్లెల అజ్ఞానం అనుకోకండి. పెద్ద చదువులవాళ్ళూ అదే చేశారు. ఆటిజం అనే స్థితిని 1943లో లియో కానర్ వర్ణించాడు. అలాంటి పిల్లల తల్లిదండ్రులది ఆప్యాయత లేని మనసని ఆయన రాసిన మాటలు ముదిరి ముదిరి, పిల్లవాడు అలా అవడానికి ప్రేమలేని తల్లే కారణమన్న సిద్ధాంతం అమెరికాలో పాతుకుపోయింది. షికాగోలో బ్రూనో బెటల్‌హీమ్ 1967లో దానిమీద పుస్తకమే రాశాడు. దానికి మూడేళ్ళ ముందే బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన ఆ వాదాన్ని పూర్వపక్షం చేస్తూ ఒక పుస్తకం తెచ్చాడు. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, అంతకన్నా ముఖ్యంగా అలాంటి బిడ్డకు తండ్రి. కానర్ కూడా 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి మీమీద నేరం లేదని చెప్పాల్సి వచ్చింది. ఇరవై ఆరేళ్ళు పట్టింది ఆ మాటకు!

మన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు దీనికి దగ్గరి అనుభవం ఒకటుంది. మర్రిగూడలో కాళ్ళు వంకరపోయిన బిడ్డను చూసి తల్లిని ఎవరూ తప్పుపట్టరు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు, సీసాలో పట్టి పరీక్షకు పంపొచ్చు. మనసుకు అలాంటి సీసా లేదు. అందుకే నిందకు తల్లి దొరుకుతుంది.

అయితే తల్లిదండ్రులు చేయగలిగింది ఏమీ లేదా? ఉంది, చాలా ఉంది. ఇక్కడే మాట జాగ్రత్తగా వాడాలి. ఆరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే పరిశోధకుడు ఇళ్ళల్లో కూర్చుని తల్లులూ పిల్లలూ ఎలా పోట్లాడుకుంటారో ఏళ్ళతరబడి గమనించాడు. ఆయన చూసింది మన కిరాణా దుకాణం ముందు రోజూ జరిగేదే. పిల్లవాడు చిప్స్ ప్యాకెట్ అడుగుతాడు, తల్లి వద్దంటుంది. వాడు ఏడుస్తాడు, ఆమె అరుస్తుంది. వాడు మట్టిలో పడి దొర్లుతాడు, నలుగురూ చూస్తున్నారు, ఆమె ప్యాకెట్ కొనిస్తుంది. ఏడుపు టక్కున ఆగుతుంది. దొర్లితే దొరుకుతుందని వాడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే పరువు దక్కుతుందని ఆమె నేర్చుకుంది. రేపు ఇద్దరూ ఇంకో మెట్టు ఎక్కుతారు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. దీన్ని విప్పడం నేర్పొచ్చు: వాడు నిమ్మళంగా ఉన్న రెండు నిమిషాలను చూసి మెచ్చుకోవడం, ఒకసారి వద్దన్నది వద్దనే ఉంచడం, కొట్టకుండా పక్కకు తప్పుకోవడం. దుడుకుతనం, ధ్యాస నిలవకపోవడం ఉన్న ఆరేళ్ళలోపు పిల్లలకు మాత్ర కన్నా ముందు తల్లిదండ్రులకు ఈ శిక్షణే ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది.

నలుగురి చూపు ఆమె మీద ఉన్నంతకాలం ఈ విద్య ఆమెకు అబ్బదు. చిప్స్ కొనిపించింది పిల్లవాడి కన్నా మనమే.

ఎంతమంది ఉంటారు ఇలాంటి పిల్లలు? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ళవారిలో 7.3 శాతమంది అంది. నలభై మంది కూర్చున్న తరగతిలో ముగ్గురన్నమాట. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణా లేదు, ఆంధ్రా లేదు. మన పిల్లలను ఆ లెక్కలో ఎవరూ లెక్కపెట్టలేదు.

సాయం అసలే లేదనను. నా చిన్నప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఒక్కటే తెలుసు, దాని పేరు తిట్టుగానే తెలుసు. ఇప్పుడు గంటలోపు ప్రయాణంలో బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకోసం 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ వాళ్ళు పలుకుతారు, పైసా ఖర్చు లేదు. 2016 దివ్యాంగుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో ఆటిజం ఉంది. వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం పడితే పింఛను వస్తుంది. ఊరికే ఉరికే పిల్లవాడి పరిస్థితి మాత్రం ఆ 21లో లేదు. వాడి తల్లి ఏ క్యూలో నిలబడాలి?

ఆ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో నాకు నచ్చిన వాక్యం ఒకటుంది. మైనరును ఆసుపత్రిలో చేర్చుకుంటే, ఉన్నన్నాళ్ళూ నామినేటెడ్ ప్రతినిధి గానీ ఆయన నియమించిన సహాయకులు గానీ వెంట ఉండి తీరాలి. పిల్లవాడి వైద్యంలో వెంట ఉండే మనిషి భాగమని చట్టమే ఒప్పుకుంది. ఆ మనిషి పోగొట్టుకునే కూలి ఊసు మాత్రం ఎత్తలేదు.

మండలమంటే మనకు రెండర్థాలు. గుట్ట మీద నలభై రోజులు. గుట్ట కింద తహసీల్దారు కూర్చునే ఆఫీసు. పై మండలంలో ఆ తల్లికి దొరికింది కింది మండలంలో ఎందుకు దొరకకూడదన్నదే నా ప్రశ్న. భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే రిసోర్స్ టీచర్లున్నారు. వారానికో పూట అక్కడే తల్లులు కూర్చుంటే, ఆ పూట పిల్లలను ఇంకెవరో చూసుకుంటే, ఎయిమ్స్ నుంచి ఒక డాక్టరమ్మ నెలకోసారి వస్తే చాలు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. గుట్ట మీద వాళ్ళకు దొరికింది ఒక చాప, ఒక నీళ్ళ కుళాయి, పక్క చాప మీద ఇంకో తల్లి.

పునర్నిర్మాణం తర్వాత 2022 మార్చి 28న గుడి తెరిచినప్పుడు నేనూ వెళ్ళాను. నల్లరాతి మండపాలు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. ఆ మూలమెట్టు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను.

పన్నెండేళ్ళ కిందటి ఆ రోజు నేను ఆ తల్లితో అరగంట మాట్లాడాను. వాడి పేరడిగాను, వయసడిగాను, ఏ బడో అడిగాను, వాడి కాగితాలు చూస్తానన్నాను. పెద్దమనిషిననిపించుకుని లేచాను. చింతగింజల పిల్ల నన్నే చూస్తోంది. పందొమ్మిది రోజులుగా బడికి పోని పిల్ల, నవంబరు నెల, పరీక్షల కాలం. బడిపంతులును నేను. నువ్వు ఏ తరగతి బిడ్డా అని అడగలేదు.