యురేనస్: ఒక్కసారి చూచిన లోకము

సూర్యకుటుంబములో ఏడవది యురేనస్ గ్రహము. సూర్యుని నుండి దీని దూరము సుమారు 287 కోట్ల కిలోమీటర్లు. సూర్యుని వెలుగు భూమిని చేరుటకు 8 నిమిషములు చాలును. యురేనస్‌ను చేరుటకు 2 గంటల 40 నిమిషములు పట్టును. ఇంత దూరముననున్న లోకమును గూర్చి మనకు తెలిసినదెంత? అది ఎట్లు తెలిసినది? ఈ విషయమునే నేడు ముచ్చటించుకొందము.

మన నవగ్రహములలో దీనికి చోటు లేదు. కంటికి లీలగా మాత్రమే కనుపించు మసక చుక్క యగుటచే, చూచినవారును దీనిని నక్షత్రమనియే తలచిరి. 1781 మార్చి 13వ తేదీ రాత్రి, ఇంగ్లండులోని బాత్ పట్టణమున, విలియం హెర్షెల్ అను సంగీత విద్వాంసుడు తాను స్వయముగా నిర్మించుకొన్న దూరదర్శినితో పెరటినుండి చూచుచు దీనిని గుర్తించెను. మొదట ఆయనయు తోకచుక్క యనుకొనెను. గణితజ్ఞులు దీని మార్గమును లెక్కకట్టిన పిదపనే గ్రహమని తేలినది. 1787లో ఆయనయే టైటానియా, ఓబెరాన్ అను ఉపగ్రహములను కనుగొనెను. 1851లో లాసెల్ ఏరియల్, అంబ్రియల్‌లను, 1948లో కైపర్ మిరాండాను కనుగొనిరి.

తక్కిన గ్రహములు బొంగరములవలె తిరుగుచుండగా, యురేనస్ పక్కకు ఒరిగి దొర్లుచున్నట్లుండును. దీని అక్షము వాలు 98 డిగ్రీలు. సూర్యుని చుట్టి వచ్చుటకు దీనికి 84 ఏండ్లు పట్టును. కావున దీని ధ్రువములవద్ద 42 ఏండ్లు పగలు, 42 ఏండ్లు రాత్రి. శాస్త్రజ్ఞులు దీనిని మంచు బృహద్గ్రహమందురు. ఈ మంచు మనమెరిగిన మంచుగడ్డ కాదు. నీరు, అమ్మోనియా, మీథేన్‌లు లోతున గొప్ప ఒత్తిడికి లోనై, కాగి చిక్కబడి యుండును. పైపొరలలోని మీథేన్ ఎరుపు కాంతిని మ్రింగివేయుటచే గ్రహము లేత నీలి హరితవర్ణమున కనుపించును.

1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రమునకు అడ్డు వచ్చినది. గ్రహము చాటునకు పోకముందే ఆ నక్షత్రము పలుమార్లు మసకబారెను. వెలువడిన పిదపను అట్లే జరిగెను. గ్రహము చుట్టును సన్నని వలయములున్నవని ఇట్లు తెలిసినది. విమానమునుండి ఇలియట్ బృందము దీనిని పరిశీలించినది. తమిళనాడులోని కావలూరు వేధశాలలోను ఈ మసకబారుట నమోదైనది. ఆ వేధశాలను నెలకొల్పిన వైను బాప్పు హైదరాబాదున పెరిగినవాడు. ఆయన తండ్రి అచటి నిజామియా వేధశాలలో పనిచేసెను.

1986 జనవరి 24న వాయేజర్-2 నౌక యురేనస్ మేఘములకు 81,500 కిలోమీటర్ల దూరమున సాగిపోయినది. పది క్రొత్త ఉపగ్రహములను చూపినది. 470 కిలోమీటర్ల వ్యాసముగల చిన్న మిరాండాపై బ్రహ్మాండమైన కొండచరియలను చూపినది. గ్రహము యొక్క అయస్కాంతాక్షము భ్రమణాక్షమునుండి 59 డిగ్రీలు ఒరిగియున్నదని తెలిపినది. తరువాతి కాలమున దూరదర్శినులు మరికొన్నిటిని కనుగొనగా, 2025 నాటికి ఉపగ్రహముల సంఖ్య 29కి చేరెను.

అయినను, ఆ గ్రహమును సమీపించిన నౌక అదొక్కటే. ఆనాడు దక్షిణ ధ్రువము సూర్యునికి అభిముఖముగా నుండుటచే, పెద్ద ఉపగ్రహముల ఉత్తరార్ధములు చీకటిలో నుండిపోయినవి. అంతేకాదు. నాటి కొలతలను తిరిగి పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2024లో ఒక విశేషమును ప్రకటించిరి. నౌక చేరుటకు కొన్ని దినములముందే సౌరపవనము విజృంభించి, గ్రహము యొక్క అయస్కాంత మండలమును అణచివేసినదట. అట్టి స్థితి నూటికి అయిదు పాళ్లకన్న తక్కువ కాలమే యుండును. ఆ మండలమున కణములు పలుచగా నుండుటను చూచి, ఉపగ్రహములు గడ్డకట్టి చలనము లేక యున్నవని నాడు తలచిరి. ఆ తీర్పు నేడు పునర్విచారణకు వచ్చినది. తుపాను వచ్చిననాడు ఒక ఊరిని చూచి, ఆ ఊరెల్లప్పుడు అట్లే యుండునని చెప్పినట్లయినది.

యురేనస్‌ను చుట్టివచ్చు నౌకను పంపుట అగ్రకార్యముగా నెంచవలెనని 2022లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తుల నివేదిక సూచించినది. ప్రయాణమునకు పదేండ్లకు మించి పట్టును. 2007లో సూర్యుడు ఉత్తరార్ధమునకు మరలెను. ఇంచుమించు 2049వరకే అచట వెలుగుండును. ఆలోగా చేరిననే చూడని సగమును పూర్తిగా చూడగలము. ఈ గడువు దాటినచో ఆ దృశ్యమునకై మరి నలువది రెండేండ్లు వేచియుండవలెను.