బందరులో కనిపించిన పసుపు గీత

మన ఉయ్యూరు మీద రోజూ మండే సూర్యుడికీ, బందరుకీ ఒక పాత లింకు ఉంది, తెలుసా?

1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరుకి వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ బందరుకి వచ్చాడు. సూర్యుడి అంచున ఎగిసే మంటల వెలుగుని విడదీసి చూస్తే ఒక పసుపు గీత కనిపించింది. సోడియం గీతేమో అనుకున్నారు. కాదు! అక్టోబరులో ఇంగ్లండ్‌లో లాకియర్ దాన్ని చూసి తేల్చాడు. అదే హీలియం. భూమ్మీద అది దొరికింది 1895లో.

ఆ హీలియం చాలావరకు సూర్యుడు పుట్టిన మేఘంలోదే. సుమారు 460 కోట్ల ఏళ్ల కిందట ఆ మేఘం తన బరువుకి తానే కుంగి సూర్యుడైంది. చుట్టూ మిగిలిన ధూళి పళ్లెంలా తిరుగుతూ, అతుక్కుంటూ గ్రహాలైంది. కృష్ణమ్మ ఒండ్రు మేటవేసి దివిసీమ కట్టినట్టే అనుకోండి.

సూర్యుడి నడిమధ్య సెకనుకి దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది. అయినా ఆయన సైజుకి ఇది నిదానమే. ఇంకో 500 కోట్ల ఏళ్లకి సరిపోతుంది. పదింతల బరువున్న నక్షత్రమైతే రెండుమూడు కోట్ల ఏళ్లకే అయిపోతుంది.

మరి భూమ్మీద మనకి గట్టిగా తెలిసిన తొలి జీవం ఆనవాళ్లు? భూమి పుట్టిన వంద కోట్ల ఏళ్ల తర్వాతవి! అంటే నీళ్లు ఆవిరవకుండా, గడ్డకట్టకుండా ఉండే దూరం ఒక్కటే చాలదు. టైమ్ ఇచ్చే నక్షత్రం కావాలి.

రేపు ఎండ మండిపోతోందని తిట్టుకునే ముందు ఒక్కసారి గుర్తు చేసుకోండి: ఆయన నిదానమే మన ప్రాణం. ఉంటాను మరి!